ప్రార్థన సరే, పక్క బంతి సంగతేమిటి?

పోయిన నెల, అమెరికాలో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ మీద వేసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చదువుతుంటే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. అడిగేది అమెరికా గురించే అయినా, మనసంతా పాలకొండలోనో బొబ్బిలిలోనో ఎవరి వీధిలో వాళ్ళకే ఉంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

పాలకొండ దగ్గర నుంచి ఒక పాస్టరు గారి అమ్మాయి: మా చర్చి యువజన కూటంలో కింగ్ గురించి కాసేపు మాట్లాడాను. అయ్యాక సంఘ పెద్ద ఒకాయన "ఇది దేవుని మందిరం అమ్మా, రాజకీయాలు బయట చూసుకోండి, మనకి ప్రార్థన చాలు" అన్నారు. నాన్నగారు కూడా ఏమీ అనలేదు. విశ్వాసానికీ హక్కుల పోరాటానికీ నిజంగా సంబంధం లేదా అండీ?

ఉందమ్మా, చాలా ఉంది. కానీ సంబంధం లేదనే పెద్దలు కింగ్ పాస్టరుగా ఉన్న అమెరికా ఊరు మాంట్‌గోమరీలో కూడా ఉండేవారు, ముందు అది తెలుసుకో, కాస్త ధైర్యం వస్తుంది.

1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళని, తెల్లవాళ్ళకి సీటు వదల్లేదని బస్సులోంచి దింపి అరెస్టు చేశారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ లెక్చరర్, తోటి లెక్చరర్ ఒకాయనతో, ఇద్దరు విద్యార్థులతో కలిసి కాలేజీలో ఉన్న సైక్లోస్టైల్ మిషను మీద తెల్లవారేలోగా వేల కరపత్రాలు తీసి ఊరంతా పంచేసింది. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దు, అంతే అందులో ఉన్న మాట. పాస్టర్లు వచ్చింది ఆ తరవాత. వాళ్ళలో కొందరు తమ పేర్లు బయటపడకుండా గుట్టుగా నడిపిద్దాం అనుకుంటుంటే, రైళ్ళలో పోర్టరుగా పనిచేసే ఇ.డి. నిక్సన్ ముఖం మీదే కడిగేశాడు. ఇన్నేళ్ళూ ఈ బట్టలుతికే ఆడవాళ్ళ కానుకల మీద బతికారు, ఇప్పుడు వాళ్ళ కోసం నిలబడాల్సి వస్తే భయమా అని. అక్కడ కూర్చున్న 26 ఏళ్ళ కుర్ర పాస్టరు, నేను పిరికివాణ్ణి కాను అన్నాడు. కింగ్ నాయకుడైంది అలాగ. తనంతట తాను ముందుకొచ్చి జనాన్ని నడిపించాడని మనం అనుకుంటాం గానీ, జనమే ఆయన్ని నిలబెట్టారు.

ఇక ప్రార్థన మాటకొస్తే, 1956 జనవరి 27 అర్ధరాత్రి ఆయనకి ఒక ఫోను వచ్చింది, ఊరు విడిచి వెళ్ళకపోతే ఇల్లు పేల్చేస్తామని. లోపల భార్య, పసిబిడ్డ పడుకుని ఉన్నారు. నిద్ర పట్టక వంటింట్లో కాఫీ పెట్టుకుని, టేబుల్ మీద తల వాల్చి పైకే ప్రార్థన చేశాడు. నాకు భయంగా ఉంది, బలం అయిపోయింది, ఒక్కణ్ణే మోయలేను అని. న్యాయం కోసం నిలబడు, నేను నీతో ఉంటాను అన్న మాట లోపల వినిపించిందని తరవాత తనే చెప్పుకున్నాడు. మూడు రోజులు తిరక్కుండానే నిజంగానే ఇంటి మీద బాంబు వేశారు. భార్యాబిడ్డలు ఎలాగో బయటపడ్డారు. చేతికందిన ఆయుధాలు పట్టుకుని వచ్చిన జనానికి అదే వరండా మీద నిలబడి, ఇళ్ళకు వెళ్ళండి, పగ వద్దు అని చెప్పాడు. మీ సంఘ పెద్దగారు చెప్పే ప్రార్థన ఇదే అయితే అది చాలు, నిజంగానే చాలు. ఆ ప్రార్థన మనిషిని మళ్ళీ వీధిలోకి పంపింది.

బస్సుల బహిష్కరణ సాగిన ఆ 381 రోజులూ ఉద్యమం నడిచింది ఉపన్యాసాల మీద కాదు. చర్చిలు కార్లు కొన్నాయి, జనం సొంత కార్లు ఇచ్చారు, పనివాళ్ళని పొద్దున్నే దించి సాయంత్రం ఎక్కించుకునే ఏర్పాటు చేసుకున్నారు. పెట్రోలుకి డబ్బెక్కడిది? అందులో కొంత జార్జియా గిల్మోర్ వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ ఒక హోటల్లో వంటమనిషి. కోర్టులో కింగ్ తరఫున సాక్ష్యం చెప్పినందుకు ఉద్యోగం ఊడింది. ఇంట్లోనే కోడి వేయించి, సాండ్‌విచ్‌లు కట్టి, కేకులు చేసి, తోటి ఆడవాళ్ళతో బ్యూటీ పార్లర్లలో, టాక్సీ స్టాండుల్లో అమ్మించి, వచ్చిన డబ్బు వారం వారం సభలో తెచ్చి ఇచ్చేది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే 'ఎక్కడినుంచీ కాదు' అని చెప్పేవాళ్ళు, ఆ పేరే సంఘానికి పెట్టుకున్నారు. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే వంటమనుషుల ఉద్యోగాలు పోకూడదని ఆ జాగ్రత్త.

ఒక పని చెయ్యమ్మా. వచ్చే కూటంలో కింగ్ పేరెత్తకు. ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం చివరి భాగం చదువు. మీ పండుగలు నాకు అసహ్యం, మీ పాటల గోల ఆపండి, న్యాయాన్ని నీళ్ళలా పారనివ్వండి అని దేవుడే అంటాడక్కడ. అది రాజకీయమో కాదో పెద్దగారినే చెప్పమను. నాన్నగారి మౌనం గురించి మాత్రం తొందరపడి ఒక అభిప్రాయానికి రాకు. సంఘంలో ఆయన జీతం ఎవరి చేతిలో ఉందో నీకు తెలుసు.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు: నేను నాస్తికుణ్ణి. దేవుడు లేకుండా ఈ పోరాటం కుదరదా?

కుదురుతుంది, కుదిరింది కూడా. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది చేరిన ప్రదర్శనకి పెద్ద దిక్కు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన తండ్రి చర్చి పాస్టరే, ఈయన మాత్రం కార్మిక సంఘం మనిషి, భక్తికి దూరం. అలాంటి ప్రదర్శనే చేస్తామని 1941లో ఆయన బెదిరిస్తేనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చి, రక్షణ పరిశ్రమల్లో ఉద్యోగాలకి వర్ణవివక్ష కుదరదని ఉత్తర్వు ఇచ్చాడు. విశ్వాసులూ మీలాంటివాళ్ళూ ఒకే వేదిక మీద పనిచేశారు, ఎవరూ ఎవరినీ మార్చడానికి ప్రయత్నించలేదు. మన ఊళ్ళల్లో కూడా అది జరిగితే బాగుండును.

విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ టీచరు: బానిసలని కొన్నవాడూ బైబిలే చదివాడు, బానిసా బైబిలే చదివాడు. ఒకే పుస్తకం ఒకడికి కొరడా, ఇంకొకడికి ఊతం ఎలా అయ్యింది?

మాస్టారూ, ఒకే పుస్తకం కూడా కాదు. 1807లో లండన్‌లో కరీబియన్ దీవుల బానిసల కోసం ఒక బైబిలు అచ్చు వేశారు. పాత నిబంధన చాలావరకు ఎత్తేశారు. మోషే తన జనాన్ని ఐగుప్తు దాస్యం నుంచి విడిపించుకుపోయిన కథ తీసేసి, దాసులు యజమానులకి లోబడి ఉండాలన్న మాటలు మాత్రం ఉంచారు. ఏ పేజీలు చింపాలో వాళ్ళకి అంత బాగా తెలుసంటే, ఆ పేజీల్లో ఏముందో ఇంకా బాగా తెలుసన్నమాట. తెలియక చేసిన పాపం కాదు అది.

1845లో అమెరికా దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి వేరే సమాఖ్య పెట్టుకున్నది కూడా ఇందుకే. బానిసల యజమానులని మిషనరీలుగా పంపడానికి ఉత్తరాదివాళ్ళు ఒప్పుకోలేదు. ఆ సమాఖ్య క్షమాపణ చెప్పింది 1995లో, అంటే 150 ఏళ్ళకి. మన జిల్లాల్లో బొబ్బిలి, పాలకొండ, పార్వతీపురం, టెక్కలి, శ్రీకాకుళం చుట్టూ బళ్ళూ ఆసుపత్రులూ పెట్టింది కెనడా బాప్టిస్ట్ మిషన్. అది వేరే సంస్థ, వేరే కథ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బాప్టిస్టు అన్న మాట వినగానే మనవాళ్ళు అందరినీ ఒకే గాటన కట్టేస్తారు, కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బానిస యజమానుల సంగతి కాదు. 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే నాడు బర్మింగ్‌హామ్‌లో వర్ణవివక్షకి వ్యతిరేకంగా ప్రదర్శన చేసినందుకు కింగ్‌ని జైల్లో పెట్టారు. ఆ రోజే ఎనిమిది మంది మతపెద్దలు ఒక ప్రకటన ఇచ్చారు. అందులో బిషప్పులున్నారు, పాస్టర్లున్నారు, ఒక యూదు రబ్బీ కూడా ఉన్నాడు. దుర్మార్గులు కారు, వాళ్ళలో కొందరు వర్ణవివక్ష తప్పని అంతకుముందు చెప్పినవాళ్ళే. ఈ ప్రదర్శనలు తొందరపాటు, ఇది సమయం కాదు, కోర్టుల్లో చూసుకోండి అన్నారు. కింగ్ జైల్లో ఆ ప్రకటన వచ్చిన పేపరు అంచుల మీదే, తరవాత దొరికిన చిత్తు కాగితాల మీద జవాబు రాశాడు. మాకు అడ్డం పడుతున్నది ముసుగు వేసుకుని తిరిగే క్లాన్ (నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ ముఠా) వాడికన్నా, న్యాయం కన్నా నెమ్మదే ముఖ్యమనుకునే మంచివాడే అన్నది అందులో సారం.

మాస్టారూ, ఇది చదివినప్పుడు మన రచ్చబండ మీద పెద్దమనుషులు గుర్తుకు రాకుండా ఉంటారా? "ఊళ్ళో అందరం కలిసిమెలిసి ఉన్నాం, ఇప్పుడెందుకీ గొడవ" అంటారు. ఆ కలిసిమెలిసి ఉండడంలో శ్మశానాలు రెండు. కొన్ని ఊళ్ళల్లో చర్చిలో కూడా పాత అలవాటు ప్రకారం ఎవరి బెంచీలు వాళ్ళవే. బాప్తిస్మం తీసుకున్నా కులం వదలదు, పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరించారు, క్రైస్తవులకి సవరించలేదు, మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి. కాగితం మీద కులం పోయింది, వీధిలో పోలేదు. రెండు చోట్లా నష్టపోయింది ఒకే మనిషి.

ఆమదాలవలస నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు: మీ వ్యాసంలో ఒక్క పార్క్స్ తప్ప ఆడవాళ్ళే లేరేంటండీ?

మీ ఫిర్యాదు న్యాయమైనదేనమ్మా. పైన ఇద్దరి గురించి రాశాం, ఇంకొకరి గురించి చెప్పి తీరాలి. ఫానీ లూ హామర్, మిసిసిపీలో పత్తి చేలో కూలి. 1962లో, 44 ఏళ్ళ వయసులో, ఓటరుగా నమోదు కావడానికి బస్సులో జిల్లా కేంద్రానికి వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఆపితే లోపల అందరూ వణికిపోతున్నారు, ఆవిడ చర్చి పాటలు ఎత్తుకుంది. ఇంటికి చేరేసరికి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటావా, చేను వదిలిపోతావా అన్నాడు ఆసామి. 18 ఏళ్ళు పనిచేసిన చోటు నుంచి ఆ రాత్రే వెళ్ళిపోయింది. మరుసటి ఏడు వినోనా జైల్లో ఆవిడని కొట్టిన దెబ్బలకి కిడ్నీ జీవితాంతం బాగుపడలేదు. ఆవిడకి పెద్ద చదువు లేదు, బైబిలూ పాటలే ఉన్నాయి. ఆసామి చేసిన అన్యాయాన్ని ఆసామి దేవుడి మాటతోనే నిలదీసేది.

బొబ్బిలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: కింగ్ గాంధీ శిష్యుడని మా సార్ చెప్పారు. మా వీధి అంబేద్కర్ సంఘం అన్నయ్యలు గాంధీ పేరు చెబితేనే లేచిపోతారు. నేను ఎవరి మాట నమ్మాలి?

తమ్ముడూ, ఇద్దరు చెప్పినదాంట్లోనూ నిజం ఉంది, ఓపికగా విను.

1935లో హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి పాస్టరు మన దేశం వైపు వచ్చాడు. ముందు కొలంబోలో ఒక లాయరు ఆయన్ని నిలేశాడు. మీ వాళ్ళని బానిసలుగా అమ్మినవాళ్ళ మతం పట్టుకుని తిరుగుతున్నావు, నువ్వు నల్లవాళ్ళందరికీ ద్రోహివి అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే థర్మన్ చాలా ఏళ్ళు పెట్టాడు, చివరికి ఒక పుస్తకమే రాశాడు. రోము సామ్రాజ్యం కింద నలిగిన పేద యూదుడైన యేసు, ఇక వెనక్కి దారి లేక గోడకి వీపు ఆనించి నిలబడ్డవాళ్ళ పక్షం అని అందులో ఆయన వాదన. 1936 ఫిబ్రవరిలో బర్దోలీలో గాంధీని కలిశాడు. హింస లేని పోరాటపు అసలైన సందేశం బహుశా మీ నల్లవాళ్ళ ద్వారానే లోకానికి చేరుతుందేమో అన్నారట గాంధీ. తరవాత జేమ్స్ లాసన్, కొరియా యుద్ధానికి వెళ్ళనని జైలుకి పోయి వచ్చిన మెథడిస్టు కుర్రాడు, నాగపూర్ హిస్లాప్ కాలేజీలో మూడేళ్ళు పనిచేశాడు. మాంట్‌గోమరీ వార్త ఆయన అక్కడి పేపర్లోనే చదివాడు. తిరిగి వెళ్ళి అమెరికాలోని నాష్‌విల్‌లో విద్యార్థులకి శిక్షణ ఇచ్చాడు. మీ సారు చెప్పింది ఈ కథ.

ఇప్పుడు అన్నయ్యల కథ. దక్షిణాఫ్రికాలో తొలి ఏళ్ళల్లో గాంధీ అక్కడి ఆఫ్రికన్ల గురించి చాలా చులకనగా రాశాడు. ఆ రాతల మీద కోపంతోనే 2018లో ఘనా విశ్వవిద్యాలయం ఆయన విగ్రహం తీసేసింది. 1932లో దళితులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని నిరాహారదీక్ష పట్టి అంబేద్కర్‌ని పూనా ఒప్పందానికి ఒప్పించాడు. అదే అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. మీ వాళ్ళ స్థితికీ మా అంటరానివాళ్ళ స్థితికీ చాలా పోలిక ఉంది, ఐక్యరాజ్యసమితికి మీవాళ్ళు పెట్టిన అర్జీ ప్రతి పంపండి అని. ఇంకా వెనక్కి వెళితే, 1873లోనే జోతిరావు ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వం రద్దుకి పాటుపడిన అమెరికన్లకి అంకితం ఇచ్చాడు. గాంధీ దారి ఒకటే కాదు, ఈ దారి కూడా ఉండేది, మన పాఠాల్లో లేదు.

కింగ్ విషయంలో నాకు నచ్చే సంగతి చెబుతాను. 1959లో ఆయన నెల రోజులు మన దేశంలో తిరిగాడు. తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళితే, హెడ్మాస్టరు ఆయన్ని పిల్లలకి పరిచయం చేస్తూ అమెరికా నుంచి వచ్చిన మీ తోటి అంటరానివాడు అన్నాడు. నన్నా, అని మొదట మనసు చివుక్కుమంది కింగ్‌కి. తరవాత తన దేశంలో ఇరుకిరుకు ఇళ్ళల్లో మగ్గుతున్న తనవాళ్ళని తలుచుకుని, అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నానని 1965లో తన చర్చిలో ప్రసంగిస్తూ చెప్పాడు. అదే పర్యటనలో నెహ్రూ ఆయనకి రిజర్వేషన్ల గురించి వివరించాడు. ఇదీ వివక్షే కదా అని పక్కనున్నాయన అడిగితే, కావచ్చు, శతాబ్దాల అన్యాయానికి మేం చేసుకునే ప్రాయశ్చిత్తం ఇది అన్నాడు నెహ్రూ. ఆ మాట కింగ్ తన దేశంలో మళ్ళీ మళ్ళీ వాడుకున్నాడు. గాంధీ సమాధికి దండం పెట్టడానికి వచ్చినవాడు, దళిత బడి నుంచీ రిజర్వేషన్ల నుంచీ కూడా నేర్చుకుని వెళ్ళాడు. నువ్వూ అలాగే చెయ్యి. ఎవరి జెండా పట్టుకోవాలన్న టెన్షన్ పెట్టుకోకు, చదువు.

రాజాం దగ్గర నుంచి ఒక యువకుడు: మా అక్క పెళ్ళి వైశాఖంలో. మా ఇంటి పెళ్ళిళ్ళలో ఎస్సీ వీధి వాళ్ళకి ఎప్పుడూ ఆఖరి బంతి, అదీ పెరటి వైపు వేరే షామియానాలో. నేను ఏటా అయ్యప్ప మాల వేస్తాను. మాలలో ఉన్నన్నాళ్ళూ అందరం ఒకళ్ళనొకళ్ళు స్వామీ అనే పిలుచుకుంటాం, కులం అడగం. మాల తీశాక మళ్ళీ మామూలే. ఇది తప్పని తెలుసు. తాతగారి ముందు మాత్రం నోరు రావడం లేదు. ఏం చెయ్యమంటారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మీదే నన్ను ఎక్కువసేపు ఆపింది. నలభై ఒక్క రోజులు మీరు పాటించగలిగింది మిగతా ఏడాది పాటించలేరని ఏ శాస్త్రంలోనూ లేదు, దీక్షలో దాన్ని మీ చేత చేయించిన దేవుడు మాల తీయగానే మారిపోడు.

అయితే ముందు ఆ ఎస్సీ వీధివాళ్ళ దగ్గరికి వెళ్ళండి, తాతగారి దగ్గరికి కాదు. ఆ వీధిలో మీకు చనువున్న పెద్దమనిషో, మీతో చదువుకున్నవాడో ఉంటాడు. అందరికీ ఒకే బంతి వేయాలని మేం అనుకుంటున్నాం, మీకు ఇష్టమేనా అని అడగండి. ఎందుకంటే గొడవంటూ వస్తే దెబ్బ మీకు తగలదు, వాళ్ళకి తగులుతుంది. రాజాం వైపువారు మీకు నేను చెప్పాలా? 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మద్దువలస ప్రాజెక్టు కింద మిగిలిన భూముల తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. అక్కడ భూమి, ఇక్కడ భోజనం, నిజమే. కానీ వేరే బంతి వేసే చెయ్యీ ఆ కర్ర ఎత్తిన చెయ్యీ ఒకే అలవాటు మీద పెరిగాయని నేను నమ్ముతాను.

తరవాత తాతగారు. పెళ్ళి రోజు కాదు, ఇప్పుడే, ఒంటరిగా ఉన్నప్పుడు. మాట్లాడే ముందు మీ స్నేహితుణ్ణి తాతగారిలా కూర్చోబెట్టి రిహార్సల్ వేసుకోండి, నవ్వులాటకి కాదు. పైన చెప్పిన లాసన్ నాష్‌విల్‌లో అదే చేయించాడు. కొందరు విద్యార్థులు తెల్ల రౌడీల్లా తిట్టేవాళ్ళు, తోసేవాళ్ళు, ముఖాన పొగ ఊదేవాళ్ళు. మిగతావాళ్ళు చెయ్యెత్తకుండా, సీటు వదలకుండా కూర్చోవడం సాధన చేసేవాళ్ళు. 1960 ఫిబ్రవరిలో నల్లవాళ్ళకి వడ్డించని హోటల్ కౌంటర్ల దగ్గర నిజంగా కూర్చున్నప్పుడు అందుకే బెదరలేదు. మే నెలకల్లా ఆ హోటళ్ళు నల్లవాళ్ళకి భోజనం పెట్టడం మొదలుపెట్టాయి. తాతగారు "మన పరువు ఏమవుతుంది" అంటారు, "పెళ్ళివారు ఏమనుకుంటారు" అంటారు, చివరికి "నేను చచ్చాక చేసుకోండి" అంటారు. మూడింటికీ గొంతు పెంచకుండా చెప్పగలిగే జవాబు ముందే నోట్లో ఉండాలి. అక్కని మీతో కలుపుకోండి. పెళ్ళికూతురు మాటకి ఆ నెలరోజులూ ఇంట్లో విలువ ఎక్కువ.

క్యాటరింగ్ వాళ్ళతో మీరే మాట్లాడండి. షామియానా ఒకటే, వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవడమే. మొదటి బంతిలోనే వాళ్ళ పక్కన మీరూ మీ స్నేహితులూ కూర్చోండి, వడ్డించడానికి లేవకండి, కూర్చుని తినండి. పక్కన నిలబడి వడ్డిస్తే అది దానం చేసినట్టు ఉంటుంది.

పెళ్ళి తరవాత ఆ వీధివాళ్ళని పనుల్లోకి పిలవడం మానేసినా, నీళ్ళ దగ్గరో దుకాణం దగ్గరో అడ్డుపెట్టినా, అది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఆ కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. 14566 ఉచిత హెల్ప్‌లైన్ నంబరు, మీ ఫోనులోనూ ఆ వీధిలో మీ స్నేహితుడి ఫోనులోనూ ఉంచండి. సాక్ష్యం చెప్పాల్సి వస్తే మీరు వెళ్ళాలి, అది ఇప్పుడే మనసులో ఖాయం చేసుకోండి. మీ కులంవాడి నోటి నుంచి వచ్చిన సాక్ష్యానికి కోర్టులో ఎంత బరువుంటుందో మీకు తెలియనిది కాదు.

తాతగారు అలిగి బంతికి రాకపోవచ్చు. అలా అయితే విస్తరి పట్టుకుని మీరే ఆయన గదిలోకి వెళ్ళి వడ్డించండి, పక్కన కూర్చుని తినిపించండి, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకోండి. షామియానా మాత్రం రెండోది వేయనివ్వకండి.